అరగదీసే ముందు ఆగండి

పై దవడ ముందు పళ్ళను కప్పి ఉంచే ఎనామిల్ పొర కొరికే అంచు దగ్గర సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. చిగురు దగ్గరికి వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం మరొకటి లేదు. అయినా ఒకసారి పోతే తిరిగి పుట్టని పదార్థం కూడా ఇదే. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు మాత్రం పన్ను చిగురు చీల్చుకుని బయటపడే నాటికే రాలిపోతాయి. ఏడేళ్ల వయసులో వచ్చిన ముందు పంటి మీద ఉన్న ఆ పల్చటి పొరతోనే డెబ్బై ఏళ్ల దాకా బతకాలి. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, కైకలూరులోనో పంటి కొస విరగ్గొట్టుకున్న కుర్రాడు పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నప్పుడు తేలాల్సిన విషయం ఒక్కటే. మిగిలిన పన్నును అలాగే ఉంచి పోయిన ముక్కను మాత్రం కట్టుకుందామా, లేక మిగిలినదాన్ని కూడా చుట్టూ అరగదీసి మీద క్యాపు తొడుగుదామా? పోయిన ముక్కను కట్టుకోవడానికే ముందు అవకాశం ఇవ్వాలని, అందుకు ఫ్లోయబుల్ కాంపోజిట్ అనే పదార్థం ఈ రోజు చాలా సందర్భాల్లో సరిపోతుందని ఈ వ్యాసం వాదన. ఎక్కడ సరిపోదో కూడా చెప్పకపోతే ఆ వాదనకు విలువ ఉండదు కాబట్టి అదీ చెబుతాను.

ముందు పళ్ళకు దెబ్బ తగలడానికి ఈ ప్రాంతంలో కారణాలకు కొదవ లేదు. కాలువ గట్ల మీద సన్నటి రోడ్లు, వాటి మీద ఇద్దరూ ముగ్గురూ ఎక్కిన బళ్ళు, నెత్తిని కాపాడినా మూతిని కాపాడని సగం హెల్మెట్లు. ఏలూరు, తాడేపల్లిగూడెం పక్కగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఒకటైతే, పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పాలకొల్లు చేరే 165వ నంబరు రహదారి మరొకటి. పిల్లలకైతే రోడ్డు దాకా పోనక్కర్లేదు, బడి మెట్లూ కబడ్డీ కోర్టూ చాలు. కొత్తగా వచ్చిన శాశ్వత దంతాలు ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్యే ఎక్కువగా విరుగుతాయి. ఎత్తుపళ్ళు ఉన్న పిల్లల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. దెబ్బలు కాకుండా నెమ్మదిగా జరిగే నష్టమూ ఉంది. పళ్ళు తెల్లబడతాయని నిమ్మచెక్కతో రుద్దడం ఇప్పటికీ చాలా ఇళ్ళలో చిట్కాగా నడుస్తోంది. చుట్టూ నిమ్మతోటలు, ఊళ్ళో నిమ్మ మార్కెట్టు ఉన్న ఏలూరులో నిమ్మకాయకు కరువేముంది? ఆ పులుపులోని ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. వెంటనే బ్రష్షు పట్టుకుంటే మెత్తబడిన పొర ఇంకా త్వరగా అరిగిపోతుంది. కొన్నాళ్ళకు తెలుపు పోయి అడుగున ఉన్న డెంటిన్ పసుపు బయటపడుతుంది. అంటే ఏ తెలుపు కోసం రుద్దారో ఆ తెలుపునే పోగొట్టుకున్నారన్నమాట.

కొల్లేటి లంకల్లో ఉండేవాళ్ళకు ఇంకో లెక్క కూడా ఉంది. చెరువు పనికో వేటకో పోయేవాళ్ళకు పట్నంలో డాక్టరు దగ్గరికి రావడమంటే ఒక రోజు సంపాదన వదులుకోవడమే. పంటికి అచ్చు తీసి, ల్యాబుకు పంపి, వారం తర్వాత మళ్ళీ రమ్మనే వైద్యం రెండు మూడు రోజుల్ని తింటుంది. ఒకే విడతలో ముగిసే పనికి ఇక్కడ విలువ ఎక్కువ. దానికి కావలసిన చదువూ ఈ చుట్టుపక్కలే దొరుకుతోంది. ఏలూరు పక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత వైద్య కళాశాల ఉంది, భీమవరంలో విష్ణు దంత వైద్య కళాశాల ఉంది. ఈ రకం వైద్యం నేర్పే కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ విభాగాలు రెంటిలోనూ ఉన్నాయి. పదార్థం దొరకదనో, చేసేవాళ్ళు లేరనో చెప్పుకునే రోజులు పోయాయి. మిగిలింది అలవాటు మార్చుకోవడం.

పంటికి ప్లాస్టిక్ లాంటి పదార్థం అంటుకోవడం వెనక ఒక చక్కటి ఆలోచన ఉంది. అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన మైకేల్ బ్యూనోకోర్‌కు లోహం మీద రంగు గట్టిగా పట్టడానికి కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం వాడతారని తెలుసు. పంటి మీద అదే చేస్తే ఏమవుతుందని ఆయన ప్రయత్నించి చూసి 1955లో ఫలితం ప్రచురించాడు. ఆమ్లం తగిలిన ఎనామిల్ పైకి సుద్దలా తెల్లబడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టులా కంటికి ఆనని గుంటలు కనబడతాయి. పల్చటి రెసిన్ ఆ గుంటల్లోకి దిగి అక్కడే గట్టిపడితే ఇక ఊడి రావడం కష్టం. 1962లో రాఫెల్ బోవెన్ బిస్-జీఎంఏ అనే రెసిన్‌కు సన్నటి సిలికా రేణువులు కలిపి పంటి రంగులో ఉండే పదార్థానికి దారి చూపించాడు. ఈ రోజు పళ్ళ డాక్టరు నీలం లైటు పెట్టి గట్టిపరిచే కాంపోజిట్‌లన్నీ ఈ ఇద్దరి పని మీదే నిలబడి ఉన్నాయి. ఆ లైటు నీలంగానే ఉండటానికీ కారణం ఉంది. రెసిన్‌లో కలిపే క్యాంఫోర్‌క్వినోన్ అనే పదార్థం సుమారు 468 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగును బాగా పీల్చుకుని గట్టిపడే చర్యను మొదలుపెడుతుంది.

మామూలు కాంపోజిట్ ముద్దలా ఉంటుంది. చిన్న పనిముట్టుతో తీసి, ఒత్తి, మలచాలి. ఫ్లోయబుల్ కాంపోజిట్ 1990ల మధ్యలో బజారులోకి వచ్చింది. రెసిన్ అదే గానీ రేణువులు తగ్గించడంతో సిరంజి కొసన ఉన్న సన్నటి సూది గుండా తేనెలా జారుతుంది. దాంతో ముద్ద చేరలేని సందుల్లోకి, విరిగిన అంచు గరుకుల్లోకి, రెండు పళ్ళ మధ్య చిగురు పైన మిగిలే చిన్న నల్లటి ఖాళీలోకి ఇది తనంతట తానే సర్దుకుంటుంది. గాలి బుడగలు చిక్కుకోకుండా చూసుకుంటే తడిసిన పొరలా పరుచుకుంటుంది. కొత్తగా వచ్చిన మరో పద్ధతి దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. పళ్ళ నమూనా మీద మైనంతో కావలసిన ఆకారం దిద్దుకుని, దాని మీద పారదర్శకమైన సిలికాన్ అచ్చు తీస్తారు. ఆ అచ్చును నోట్లో పెట్టి, చిన్న రంధ్రం గుండా ఫ్లోయబుల్‌ను ఎక్కించి, పైనుంచే లైటు వేస్తారు. పక్క పళ్ళకు అంటకుండా టెఫ్లాన్ టేపు చుడతారు. మైనంలో దిద్దిన ఆకారం దాదాపు అలాగే పంటి మీదికి దిగుతుంది. నాలుగైదు పళ్ళు ఒకేసారి సరిచేయాలన్నా డాక్టరు చేతి నైపుణ్యం మీద ఆధారపడే భాగం ఇందులో తగ్గుతుంది. క్యాపుల్లా ల్యాబులో చేయించే ఖర్చూ ఉండదు.

ఇప్పుడు క్యాపుల సంగతి. పూర్తి క్యాపు వేయాలంటే పన్నును చుట్టూ చెక్కాలి. 2002లో డానియల్ ఎడెల్‌హాఫ్, జాన్ సోరెన్సెన్ అనే పరిశోధకులు ముందు పళ్ళ నమూనాలను రకరకాల వైద్యాలకు తగ్గట్టు చెక్కి, ఎంత పదార్థం పోయిందో తూకం వేసి చూశారు. పంటి ముందు వైపు అతికించే పింగాణీ వెనీర్ల లాంటి పల్చటి పనులకు పంటి పైభాగం బరువులో 3 నుంచి 30 శాతం పోయింది. పూర్తి క్యాపులకు 63 నుంచి 72 శాతం పోయింది. ఒక్క మూల రెండు మిల్లీమీటర్లు విరిగిన పంటికి మూడింట రెండు వంతులు చెక్కేయడం ఏ లెక్కన వైద్యమో ఆలోచించాలి. చిన్న వయసులో ఆ నష్టం ఇంకా లోతుకు పోతుంది, ఎందుకంటే పంటి లోపల రక్తనాళాలు, నరాలు ఉండే గది కుర్రకారులో పెద్దగా ఉంటుంది. చెక్కేటప్పుడు పుట్టే వేడి, లోతు, తర్వాత లోపలికి చేరే సూక్ష్మజీవులు కలిసి కొన్ని పళ్ళను ఏళ్ల తర్వాత చంపేస్తాయి. అప్పుడు రూట్ కెనాల్, తర్వాత వేరులో పోస్టు, మళ్ళీ కొత్త క్యాపు. మొదట్లో విరిగింది చిన్న ముక్కే అయినా చివరికి పన్నే వైద్యానికి బలవుతుంది. క్యాపు చెడ్డదని నా మాట కాదు. పన్ను సగానికి పైగా పోయినప్పుడు, రూట్ కెనాల్ తర్వాత పన్ను బలహీనపడినప్పుడు అదే కాపాడుతుంది. కానీ అది వెనక్కి తిరగలేని అడుగు కాబట్టి చివర్న వేయాల్సిన అడుగు.

దీనికి మన దగ్గర సామాజిక ఒత్తిడి కూడా తోడవుతుంది. పెళ్ళి ముహూర్తం కుదిరాక, ఉద్యోగం ఇంటర్వ్యూకు ముందు, వీసా ఫొటోకు ముందు జనం డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. తేదీ దగ్గర పడుతుంటే చక్కటి తెల్లటి వరుస కావాలన్న కోరికకు ఎనిమిది పళ్ళు ఒకేసారి చెక్కి క్యాపులు వేయడం చాలా సులువైన జవాబుగా కనబడుతుంది. అలా వచ్చిన పెళ్ళికూతురి వయసు ఇరవై రెండు కావచ్చు. ఆ క్యాపులు పదిహేనేళ్ళు నిలిచాయనుకున్నా ముప్పై ఏడేళ్ళకు మొదటిసారి, యాభై దాటాక రెండోసారి మార్చాలి. ప్రతిసారీ అడుగున మిగిలే పన్ను ఇంకొంచెం తరుగుతుంది. సందు పళ్ళు, కొస విరిగిన పన్ను, పుట్టుకతోనే చిన్నదిగా వచ్చిన పక్క పన్ను, ఎనామిల్ మీద చిన్న గుంటలు — ఇవన్నీ కాంపోజిట్ చేర్చి సరిచేయగలిగే లోపాలే. పళ్ళు వంకరగా ఉంటే తీగ (బ్రేసులు) కట్టించుకోవడం మంచిది. అయినా తొందరలో ఉన్న కుటుంబానికి తీగ కోసం ఏడాది, ఏడాదిన్నర ఆగమని చెప్పడం కష్టం. ఆ కష్టమైన మాట చెప్పడమే డాక్టరు బాధ్యత. పెళ్ళి ఫొటోలకు కాంపోజిట్‌తో ప్రస్తుతానికి సరిచేసి, తర్వాత తీగ వేయడం ఒక మధ్యేమార్గం. చెక్కని పన్నుకు ఆ అవకాశం ఎప్పటికీ మిగిలే ఉంటుంది.

ఫ్లోయబుల్ బలహీనమైనదన్న అభ్యంతరం నిజంలోంచి పుట్టిందే. 1998లో స్టీఫెన్ బేన్ బృందం మొదటి తరం ఫ్లోయబుల్‌లను పరీక్షించి, మామూలు కాంపోజిట్ కంటే వాటిలో రేణువులు తక్కువనీ, బలమూ అంతే తగ్గుతుందనీ, ఒత్తిడి ఎక్కువగా పడే చోట వాడొద్దనీ తేల్చింది. రేణువులు తగ్గితే రెసిన్ పాలు పెరుగుతుంది. రెసిన్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి ముడుచుకోవడమూ పెరుగుతుంది. ముడుచుకుంటే అంచు దగ్గర సన్నటి చీలిక వచ్చి, అందులోంచి రంగు పాకుతుంది. 1998 నాటి ఆ తీర్పు ఆ పదార్థాలకు చెల్లుతుంది. తర్వాత వచ్చిన ఇంజెక్టబుల్ రకాల్లో రేణువులు చాలా సన్నగా, ఒక్కో రేణువూ రెసిన్‌తో బాగా కలిసేలా పూత పూసి ఉంటాయి. బరువులో మూడింట రెండు వంతుల దాకా రేణువులున్నా సూదిలోంచి జారేలా వీటిని తయారు చేస్తున్నారు. వీటిని వాడి చేసే పనిని పాత ఫ్లోయబుల్‌తో చేసిన పనితో పోల్చి తీసిపారేయడం న్యాయం కాదు. అదే సమయంలో సిరంజి మీద పేరు చూసి అన్నీ ఒకటేనని అనుకోవడమూ తప్పే. విరిగిన కొసను కట్టడానికి పాత రకం వాడితే కొన్ని నెలలకే అరిగి గుండ్రమైపోతుంది. ఏ సిరంజి వాడుతున్నారో, అది కొరికే అంచుకు పనికొచ్చేదేనా అని అడగడం రోగి హక్కు. పళ్ళు కొరుక్కునే అలవాటున్నవాళ్ళకు, పై పళ్ళు కింది పళ్ళను పూర్తిగా కప్పేసేలా మూసుకునేవాళ్ళకు అంచు మీద ఎంత మంచి ఫ్లోయబుల్ వేసినా ఒత్తిడికి చితికిపోవచ్చు. అక్కడ ముద్ద కాంపోజిట్‌తో వెనక గోడ కట్టి, ముందు పొరకే ఫ్లోయబుల్ వాడటం మేలు.

ఎన్నాళ్ళు నిలుస్తుందన్నదే అందరూ అడిగే ప్రశ్న. బ్రెజిల్‌లోని పెలోటాస్‌కు చెందిన ఫ్లావియో డెమార్కో బృందం ముందు పళ్ళ కాంపోజిట్‌ల మీద జరిగిన దీర్ఘకాల అధ్యయనాలను కూడదీసి 2015లో ప్రచురించింది. ఏడాదికి పాడయ్యేవి సున్నా నుంచి 4.1 శాతం దాకా ఉన్నాయని అందులో తేలింది. అన్నిటికంటే ఎక్కువ సంఖ్యే తీసుకుని, ఏటా 4 శాతం పోతాయనుకున్నా పదేళ్ళ తర్వాత మూడింట రెండు వంతులు నిలిచే ఉంటాయి. ఆ అధ్యయనాల్లో రకరకాల కాంపోజిట్‌లు ఉన్నాయి. అచ్చులోకి ఎక్కించే కొత్త ఫ్లోయబుల్ పని మీద పరిశీలనా కాలం ఇంకా అంత పొడుగు లేదు. కాబట్టి ముప్పై ఏళ్ల గ్యారంటీ ఇచ్చేవాళ్ళ మాట నమ్మనక్కర్లేదు. అయితే పాడవడం అన్న మాటకు ఇక్కడ ఏం అర్థమో చూడాలి. కాంపోజిట్ పాడవడమంటే ఎక్కువగా అంచు చిట్లడమో, ముక్క ఊడటమో, రంగు మారడమో. అప్పుడు అదే పంటి మీద మళ్ళీ కొంచెం చేర్చితే సరిపోతుంది, అడుగున ఉన్న పన్ను చెక్కుచెదరకుండా ఉంటుంది. క్యాపు పాడవడమంటే అంచున పుచ్చడం, వేరు దగ్గర చీము పట్టడం, లేదా క్యాపుతో సహా పన్ను విరగడం. పదేళ్ళకు ఎంత శాతం నిలిచాయని మాత్రమే లెక్కేస్తే క్యాపులదే పైచేయి అనిపించవచ్చు. పాడైన రోజున పన్ను మిగిలిందా లేదా అని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

రంగు మాట కూడా దాటవేయకూడదు. కాంపోజిట్ నీటిని కొంత పీల్చుకుంటుంది, దాంతోపాటు రంగునూ. పింగాణీకి ఈ గుణం లేదు. మన వంటల్లో పసుపు లేని కూర ఉండదు. పసుపులోని కర్కుమిన్ రెసిన్‌ను బాగా పట్టేస్తుంది. టీ, కాఫీ, కిళ్ళీ, ఖైనీ కలిస్తే ఇంకా త్వరగా. ఖైనీ వదలనివాళ్ళకు ఏ అందాల వైద్యమూ చేయకపోవడమే నిజాయితీ. నోటి క్యాన్సర్ ముప్పు ముందు పళ్ళ రంగు ఎంత? మిగతావాళ్ళకు మాత్రం రంగు పట్టడం ఎంతన్నది చాలావరకు పాలిష్ మీద ఆధారపడి ఉంటుంది. గరుకుగా వదిలేసిన ఉపరితలం మీదే మరక పేరుకుంటుంది. గాలి తగిలే పైపొర లైటుకు పూర్తిగా గట్టిపడదు, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ ఆ చర్యను అడ్డుకుంటుంది. అందుకే చివరి లైటు వేసే ముందు పైన గ్లిజరిన్ జెల్ పూసి గాలిని ఆపాలి. తర్వాత ముతక డిస్కు నుంచి సన్న డిస్కు దాకా వరసగా తిప్పి నిగనిగలాడేలా తీయాలి. ఏడాదికోసారి వెళ్ళి మళ్ళీ పాలిష్ చేయించుకుంటే చాలా మరకలు పోతాయి. జెల్ పూయడానికీ పాలిష్‌కీ పట్టే పావుగంట తగ్గించుకున్న క్లినిక్కులే కాంపోజిట్‌కు చెడ్డపేరు తెస్తున్నాయి.

నాణ్యత గురించి చెప్పేటప్పుడు తడి సంగతి అన్నిటికంటే ముందు చెప్పాలి. ఆమ్లం కడిగి ఆరబెట్టిన ఎనామిల్ మీద ఒక్క చుక్క లాలాజలం పడినా ఆ సూక్ష్మ గుంటలు మూసుకుపోతాయి, రెసిన్ పైపైనే అంటుకుంటుంది. అప్పటికి బాగానే కనిపించినా ఆరు నెలలకో ఏడాదికో మొత్తంగా ఊడివస్తుంది. నోట్లోని ఊపిరి ఆవిరితోనే నిండి ఉంటుంది. సముద్రానికీ కొల్లేరు సరస్సుకూ దగ్గరగా ఉన్న ఈ డెల్టాలో బయటి గాలీ తేమగానే ఉంటుంది. అందుకే పంటి చుట్టూ రబ్బరు తెర, అంటే రబ్బర్ డామ్ కట్టి పని చేయడం ఇక్కడ తప్పనిసరి కావాలి. రంగు ఎంచుకోవడం పని మొదలుపెట్టక ముందే, పన్ను తడిగా ఉన్నప్పుడే జరగాలి. పన్ను ఆరితే తాత్కాలికంగా తెల్లబడుతుంది, అప్పుడు ఎంచుకున్న రంగు రేపటికి తేడాగా కనిపిస్తుంది. పళ్ళు తెల్లబరచుకోవాలనుకునేవాళ్ళు ఆ పని ముందే చేయించుకుని, రెండు వారాలు ఆగి కాంపోజిట్ వేయించుకోవాలి. తెల్లబరిచే మందు వదిలిన ఆక్సిజన్ పంటిలో ఉండగా రెసిన్ సరిగా అతుక్కోదు. పైగా కాంపోజిట్ తర్వాత తెల్లబరుచుకుంటే పన్ను మాత్రమే తెల్లబడి కాంపోజిట్ పాత రంగులోనే మిగిలిపోతుంది. మరో చిన్న విషయం, కానీ ముఖ్యమైనది. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళలో సిరంజిలను బల్ల మీద వదిలేస్తే గడువు తేదీకి ముందే పాడవుతాయి. కంపెనీ చెప్పిన చల్లదనంలో దాచి, వాడే ముందు గది ఉష్ణోగ్రతకు తేవాలి.

ఫ్లోరైడ్ నీటి వల్ల వచ్చే గార పళ్ళ విషయంలో తెలుగు నేలకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. మన దేశంలో ఫ్లోరైడ్ నీటి వల్ల వచ్చే జబ్బును మొదట నమోదు చేసింది తెలుగు ప్రాంతం నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని గుర్తించారు. నల్లగొండ పేరు ప్రపంచమంతా తెలియడమూ ఈ బాధతోనే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ రూపొందించి దానికి ఆ జిల్లా పేరే పెట్టింది. కోస్తా పట్టణాల క్లినిక్కులకు ఆ ప్రాంతాల నుంచి వలస వచ్చినవాళ్ళూ, కోడళ్ళుగా వచ్చినవాళ్ళూ వస్తుంటారు. వీళ్ళ పంటి పైపొర ఆమ్లానికి లొంగడం తక్కువ, కాబట్టి ఎక్కువసేపు ఆమ్లం ఉంచడమో, ముందే పైపొరను కొంచెం గీకడమో చేస్తేనే రెసిన్ పడుతుంది. తేలిక మరకలకు మైక్రో అబ్రేషన్, అంటే పైపొరను అతి సన్నగా రుద్ది తీయడం చాలు, కాంపోజిట్ కూడా అవసరం లేదు. గుంటలు పడ్డ పళ్ళకు ఆ గుంటల్ని నింపడానికి ఫ్లోయబుల్ బాగా నప్పుతుంది. ముదురు గోధుమ రంగు మొత్తం పరుచుకున్న పళ్ళకు మాత్రం పల్చటి పొర చాలదు, అడుగు రంగు పైకి కనిపిస్తుంది. అక్కడ మొదట మందంగా కప్పే ముద్ద పొర, దాని మీద పారదర్శకమైన పొర కావాలి.

ఇందులోని రసాయనాల మీద భయాలు వింటుంటాం. బిస్-జీఎంఏ తయారీలో బిస్ఫినాల్-ఏ వాడతారు. వేసిన వెంటనే లాలాజలంలో అతి స్వల్పంగా అది కనబడవచ్చు, కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. గట్టిపడని పైపొరను తుడిచేసి, పుక్కిలించి ఉమ్మించడం వల్ల ఇంకా తగ్గుతుంది. గర్భిణులకు అందం కోసం చేసే పని ఎటూ అత్యవసరం కాదు కాబట్టి ప్రసవం దాకా ఆపుకోవడం మంచిది.

పళ్ళ అందం గురించి ఇంత ఆలోచించడం వృథా, ఇది పట్నం సోకు అని అనేవాళ్ళూ ఉన్నారు. కొందరు పెద్దలకు సందు పళ్ళు అదృష్టమని నమ్మకం. ఆ సందుతో హాయిగా నవ్వేవాళ్ళకు దాన్ని మూయమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. కానీ విరిగిన పంటితో నవ్వడానికి సిగ్గుపడి చేయి అడ్డుపెట్టుకునే పదో తరగతి పిల్లకు ఆ పన్ను సరిచేయడం సోకు కాదు. దెబ్బ వల్ల పోయినదాన్ని తిరిగి నిలబెట్టడానికీ, ఉన్నదాన్ని ఇంకా అందంగా చేసుకోవడానికీ ఉన్న తేడాను మన జీఎస్టీ చట్టం కూడా గుర్తించింది. 2017 జీఎస్టీ మినహాయింపుల్లో సౌందర్య శస్త్రచికిత్సను పక్కన పెట్టినా, పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదల లోపాలు, గాయాల వల్ల దెబ్బతిన్న శరీరాన్ని సరిచేయడాన్ని ఆరోగ్య సేవగానే ఉంచింది. ఎనామిల్ సరిగా ఏర్పడకుండా వచ్చిన పంటినీ, బడిలో పడి విరిగిన పంటినీ ఆ కళ్ళతోనే చూడాలి.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి నా వాదనకు బలం ఇంకా పెరుగుతుంది. పన్నెండేళ్ళ పిల్లకు క్యాపు వేయకూడదు. చిగురు ఇంకా పైకి జరుగుతూనే ఉంటుంది, పంటి లోపలి గది పెద్దది, వేరు కొస కూడా కొన్నిసార్లు ఇంకా మూసుకోకుండా ఉంటుంది. ఆ వయసులో విరిగిన ముక్క దొరికితే దాన్నే తిరిగి అతికించవచ్చు, రంగూ ఆకారమూ అంతకంటే బాగా కుదిరేది మరేదీ లేదు. ఆ అతుకులో ఫ్లోయబుల్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ముక్కకూ పంటికీ మధ్య ఉన్న వెంట్రుకంత ఖాళీలోకి అది దిగగలదు. ముక్క ఎండిపోతే రంగు తేలిపోతుంది, అతుకూ బలహీనపడుతుంది. కాబట్టి దాన్ని నీళ్ళలోనో పాలలోనో వేసి తేవాలి. పన్ను వేరుతో సహా ఊడిపోతే ఆ లెక్క వేరు. పైభాగం పట్టుకుని, వేరును తాకకుండా, రుద్ది కడగకుండా పాలలో వేసి గంటలోపు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ఎందుకంటే వేరు చుట్టూ ఉన్న కణాలు ఎండితే పన్ను నిలవదు. ఇది బడిలో పీఈటీ మాస్టారుకు తెలియాల్సిన విషయం. దేశమంతా 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడి పిల్లల్లో పరీక్షించే జబ్బుల జాబితాలో పళ్ళ సమస్యలూ ఉన్నాయి. పుచ్చు పళ్ళను రాసుకోవడంతో ఆగకుండా ముందు పళ్ళకు తగిలిన దెబ్బలను కూడా చూసి, నొప్పి లేదని వదిలేసినవాళ్ళను దంత కళాశాలకు పంపితే, ఆ ఏడాదే చిన్న పనితో సరిపోయే పళ్ళు చాలానే తేలతాయి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ ఏలూరు జిల్లాలో కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాలు చేరాయి. జిల్లా కేంద్రం దగ్గర్లోనే ఒక దంత వైద్య కళాశాల ఉంది, పక్క జిల్లాలో మరొకటి. ప్రతి దంత కళాశాలలోనూ ఊళ్ళకు వెళ్ళి శిబిరాలు పెట్టే ప్రజారోగ్య దంత విభాగం ఉంటుంది. ఆ శిబిరాలు ఎక్కువగా పళ్ళు శుభ్రం చేసి, పుచ్చు పళ్ళు తీసి వెనక్కి వస్తుంటాయి. కొల్లేటి ఊళ్ళలోని ఉన్నత పాఠశాలలకు వెళ్ళే శిబిరానికి ఒక లైటు, నాలుగు సిరంజిలు, రబ్బరు తెర, పాలిష్ డిస్కులు కలిపి పంపించి, ఒక పీజీ విద్యార్థిని అక్కడే కూర్చోబెడితే, విరిగిన ముందు పళ్ళు చాలావరకు ఒక్క రోజులో పిల్లల ఊళ్ళోనే సరిపోతాయి. ఆ పళ్ళలో ఒక్కటి కూడా చెక్కాల్సిన పని రాదు. ముప్పై ఏళ్ల తర్వాత వాటిలో కొన్నింటికి క్యాపు అవసరమైనా, చెక్కడానికి అప్పటికి పూర్తి పన్ను మిగిలి ఉంటుంది.